స్టీరింగ్ తిప్పితే టక్ టక్: ఘాట్ ఎక్కే కార్లకు వచ్చే జబ్బు, దాని మందు

ఒడిశాలోని జయపురంలో ఉంటూ నెలకోసారైనా సాలూరు, విజయనగరం దిగి వచ్చే వాళ్లకి ఈ శబ్దం ఎప్పుడో ఒకప్పుడు వినబడే ఉంటుంది. నాకు మొదటిసారి వినబడింది సుంకి ఘాట్‌లో. సాలూరు నుంచి తిరిగొస్తున్నాం, కార్లో నలుగురం, డిక్కీ నిండా మా అత్తగారు కట్టిచ్చిన బియ్యం, పనసకాయ. ఒక మలుపు దగ్గర రెండో గేరు వేసి స్టీరింగ్ కుడికి బాగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కగానే ముందు ఎడమ చక్రం వైపు నుంచి టక్ టక్ టక్ టక్. స్టీరింగ్ తిన్నగా రాగానే ఏమీ ఎరగనట్టు నిశ్శబ్దం. పక్క సీట్లో ఉన్న మా బావమరిది "బావా, చక్రంలో ఎవరో కూర్చుని గవ్వలాడుతున్నట్టుందే" అన్నాడు. పొట్టంగి వచ్చే దాకా ప్రతి మలుపులోనూ ఆ గవ్వలు వింటూనే వచ్చాం.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులు ముందే చెప్పేస్తాను, మీరు చేయకుండా ఉంటారు. మొదట సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్లు మార్పించాను. వారం తర్వాత చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ మార్పించాను. రెండుసార్లూ డబ్బులు పోయాయి, శబ్దం మాత్రం పోలేదు, ఎందుకంటే పాడైంది అవి కాదు, చక్రానికి ఇంజిన్ బలం అందించే సీవీ జాయింట్ అనే కీలు. మెకానిక్‌ని తిట్టుకున్నాను కానీ అందులో సగం తప్పు నాదే. షెడ్డుకి వెళ్లి "ముందు నుంచి శబ్దం వస్తోంది" అన్నానంతే. ఆ ఒక్క ముక్కతో ఎవరైనా చేతికి అందిందే మారుస్తారు. శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందన్నది కాదు, ఎప్పుడు వస్తోందన్నది చెప్పాలి. తిప్పినప్పుడా, తిన్నగా పోతున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా, యాక్సిలరేటర్ తొక్కితేనా, వదిలితేనా. ఈ ఐదింటికి జవాబులు మీ దగ్గరుంటే సగం రిపేరు అయిపోయినట్టే.

ముందు మీ కారు ఏ చక్రాలతో నడుస్తుందో చూసుకోండి

ఇంజిన్ బలం ముందు చక్రాలకి వెళ్లే కార్లలోనే ఈ జబ్బు ఎక్కువ. ఇవాళ మనం వాడే చిన్న కార్లు, సెడాన్లు దాదాపు అన్నీ ఇంతే. అంబాసిడర్ రోజుల్లో బలం వెనక చక్రాలకి పోయేది, 1983లో మారుతి 800 వచ్చాకే మన ఊళ్లలో ముందు చక్రాల లాగుడు అలవాటైంది. ఓమ్ని, ఈకో, మామూలు బొలెరో, పాత సుమో ఇప్పటికీ వెనక చక్రాల బళ్లే, వాటిలో ముందు చక్రం దగ్గర నేను చెప్పబోయే జాయింటే ఉండదు. వాటిలో గేరు వేసి కదిలించినప్పుడు ఠంగుమంటే కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే దాని కీళ్లు, చూపించుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకి ముందు కూడా జాయింట్లు ఉంటాయి కాబట్టి వాటి సంగతి వేరు.

ముందు చక్రం ఒక పక్క తిరగాలి, ఇంకో పక్క స్టీరింగ్‌తో పాటు వంగాలి. గట్టి ఇనుప షాఫ్ట్ వంగదు కదా. అందుకని గేరుబాక్సు నుంచి చక్రానికి వెళ్లే ఒక్కో షాఫ్టుకి రెండేసి కీళ్లు పెట్టారు. గేరుబాక్సు వైపుది లోపలి జాయింట్, చక్రం వైపుది బయటి జాయింట్. మెకానిక్‌లు సీవీ జాయింట్ అనేది వీటినే, కొంతమంది మొత్తాన్ని కలిపి యాక్సిల్ అంటారు. బయటి జాయింట్ మనిషి తుంటి కీలు లాంటిది. ఒక ఉక్కు గిన్నె, దాని లోపల గాడులు, ఆ గాడుల్లో సాధారణంగా ఆరు గోళీలు, గోళీలు చెదరకుండా ఒక పంజరం. చక్రం 45 డిగ్రీల దాకా వంగినా ఈ గోళీలు గాడుల్లో ముందుకీ వెనక్కీ జారుతూ బలాన్ని ఎక్కడా కుదుపు లేకుండా చక్రానికి అందిస్తాయి. ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు 1920ల్లో కనిపెట్టిన ఏర్పాటు ఇది, నూరేళ్లయినా ఇంకా దీన్నే వాడుతున్నాం.

గాడి అరిగి గుంట పడిందనుకోండి. చక్రం తిన్నగా ఉన్నంతసేపూ గోళీ ఒకే చోట కూర్చుంటుంది, గొడవ లేదు. చక్రం వంగితేనే గోళీ జారడం మొదలుపెడుతుంది, ఆ గుంటలో పడి లేస్తుంది, పడిన ప్రతిసారీ ఒక టక్. అందుకే తిప్పితేనే వస్తుంది, బరువు లాగుతుంటే ఇంకా గట్టిగా వస్తుంది, స్పీడు పెరిగితే టక్ టక్‌ల మధ్య ఎడం తగ్గుతుంది. ఘాట్ మలుపులో తిప్పడమూ, బరువు లాగడమూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఊళ్లో వినబడని శబ్దం సుంకిలో వినబడుతుంది.

చెవితో పట్టుకోవడం

సంత లేని రోజు సంత మైదానం లాంటి ఖాళీ చోటుకి తీసుకెళ్లండి. ఏసీ, పాటలు ఆపి నాలుగు అద్దాలూ దించేయండి. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చివరికి ఆనించి బలవంతంగా పట్టుకోకుండా కాస్త వెనక్కి వదిలి, మొదటి గేరులో మెల్లగా గుండ్రంగా తిప్పుతూ మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా ఇవ్వండి. తర్వాత రెండో పక్క. తర్వాత రెండు పక్కలా రివర్సులో. ఒక గోడ పక్కగా వెళ్తే ఇంకా మంచిది, శబ్దం గోడకి కొట్టుకుని మీ చెవికే వస్తుంది.

కుడికి తిప్పినప్పుడు వస్తే ఎక్కువ సార్లు ఎడమ చక్రం జాయింట్, ఎడమకి తిప్పినప్పుడు వస్తే కుడి చక్రానిది. మలుపులో బయటివైపు ఉండే చక్రం మీదే బరువు పడుతుంది కాబట్టి. కానీ ఇది రాసిపెట్టిన చట్టమేం కాదు, రివర్సులో మాత్రమే అరిచే జాయింట్లూ ఉంటాయి. అందుకే పార్టు కొనే ముందు రెండు పక్కలా కింద పడుకుని చూడాల్సిందే. నా అనుభవంలో మన వైపు ఎడమ జాయింట్లే ముందు పోతున్నాయి. ఎదురుగా దామంజోడి ఫ్యాక్టరీ లారీయో మరొకటో వస్తే మనం దిగేది ఎడమ అంచులోకే కదా, అక్కడుండే కంకర, ముళ్లు, బురద అన్నీ ఆ చక్రం తొక్కినవే.

ఇప్పుడు అసలు కిటుకు. గుండ్రంగా తిరుగుతూ టక్ టక్ వస్తున్నప్పుడు క్లచ్ తొక్కేయండి. కారు అదే మలుపులో దొర్లుతూనే ఉంటుంది, కానీ ఇంజిన్ లాగుడు ఉండదు. శబ్దం ఆగిపోయినా, బాగా తగ్గినా అది సీవీ జాయింటే అని గట్టిగా అనుకోవచ్చు. ఏ మాత్రం మారకుండా అలాగే వస్తుంటే మీ జేబు అదృష్టం బాగుండే అవకాశం ఉంది. టైరు గాడిలో ఇరుక్కున్న రాయో, ఊడబోతున్న వీల్ కప్పో, మడ్ గార్డు ప్లాస్టిక్ టైరుకి రాసుకోవడమో కావచ్చు. నవ్వకండి, చక్రం నట్లు వదులై టక్కుమన్న కారుని నేను చూశాను. అది నవ్వులాట కూడా కాదు, అందుకే అన్నిటికంటే ముందు వీల్ స్పానర్ తీసి నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి.

కారు ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే టక్‌మంటే దారి వేరు, చక్రం దొర్లకుండా సీవీ జాయింట్ అలా వరసగా కొట్టుకోదు. ఒకరిని స్టీరింగ్ తిప్పమని మీరు బానెట్ ఎత్తి షాకబ్జర్ తల మీద చెయ్యి ఆనించండి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా బిగుసుకుని ఒక్కసారిగా జారినట్టు చేతికి తెలిస్తే పై బేరింగ్ పోయిందన్నమాట. అక్కడేం లేకపోతే కింద చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్, స్టీరింగ్ కడ్డీ చివర ఉండే టై రాడ్ ఎండ్ చూడాలి. గతుకుల్లో కటకటలాడితే లింక్ రాడ్డో, బుష్షులో. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కారు ముందుభాగం వణికితే లోపలి జాయింట్ మీద అనుమానపడండి. తొక్కి వదిలినప్పుడల్లా ఒక్క దెబ్బ వినిపిస్తే దాంతో పాటు ఇంజిన్ మౌంటింగులూ చూపించుకోండి. ఇక ఝుమ్మని విమానంలా మోగుతూ స్టీరింగ్ అటూ ఇటూ కదిపితే పెరిగి తగ్గుతుంటే అది వీల్ బేరింగ్, టక్ టక్‌తో దానికి సంబంధం లేదు.

మెకానిక్ ఒడియా అతనైతే "గాడి బులేఇలె టక్ టక్ హఉచి" అనండి చాలు, బండి తిప్పితే టక్ టక్ అంటోందని. తిప్పితే అన్న మాట మాత్రం మర్చిపోకండి, నా డబ్బంతా ఆ ఒక్క మాట చెప్పకే పోయింది.

అసలు దొంగ రబ్బరు బూటు

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి కారు ఆపి, టార్చి వేసి చక్రం వెనకాల చూడండి. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా నల్లటి రబ్బరు కనిపిస్తుంది, అదే బూటు. లోపల గ్రీసు ఉండేదీ, బయటి మట్టి లోపలికి పోకుండా ఆగేదీ దాని వల్లే. మడతల మధ్య వేలు పెట్టి విడదీసి చుట్టూ చూడాలి, చిరుగు ఎప్పుడూ మడత లోయలోనే దాక్కుంటుంది. నాది చూసినప్పుడు చక్రం లోపలి అంచు చుట్టూ, షాకబ్జర్ మీద నల్లగా గ్రీసు చిమ్మి దాని మీద ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరమంది. గ్రీసు గరగరమందంటే అందులో ఇసుక ఉన్నట్టు, ఇసుక ఉందంటే ఆ గిన్నె లోపల వానాకాలం అంతా గోళీలతో పాటు అది కూడా నూరుకుంటోందన్నట్టు.

బూటు చిరిగి ఇంకా శబ్దం రాకపోతే మీరు గెలిచినట్టే. జాయింట్ విప్పి, పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగి ఆరబెట్టి, కొత్త గ్రీసు పెట్టి కొత్త బూటు వేస్తే వందల్లో అయిపోతుంది. శబ్దం మొదలయ్యాక మాత్రం గాడి అరిగిపోయినట్టే లెక్క. "గ్రీసు కొట్టేస్తాను, సరిపోతుంది" అనే వాళ్ల మాట వినకండి. నాకూ ఒకరు కొట్టారు, నాలుగు రోజులు హాయిగా ఉంది, ఐదో రోజు కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే గవ్వలు మళ్లీ మొదలు. పాత జాయింట్ తర్వాత విప్పి చూస్తే ఒక గాడిలో గోరు ఆనిస్తే తగిలేంత గుంట, పక్కనే పెచ్చులు లేచిన ఉక్కు. ఆ గుంటని ఏ గ్రీసూ పూడ్చలేదు.

ఎన్నాళ్లు నడపొచ్చు అంటే, ఊళ్లో మెల్లగా తిరిగితే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా లాగుతుంది. నేను మాత్రం దాంతో ఘాట్ ఎక్కొద్దంటాను. జాయింట్ విడిపోయిందంటే ఇంజిన్ బలమంతా తెగిన వైపే వృథాగా తిరుగుతుంది, కారు అంగుళం ముందుకి పోదు. అంతకంటే ముఖ్యం, గేరులో ఉన్నా కారు ఆగదు, ఇంజిన్ బ్రేకింగ్ కూడా ఉండదు. బ్రేకులు పనిచేస్తాయి, హ్యాండ్ బ్రేకు పనిచేస్తుంది, కానీ వాలులో గేరు వేసి వదిలేసే అలవాటున్న వాళ్లు ఆ రోజు చక్రాల కింద రాళ్లు పెట్టుకోవాల్సిందే.

ఏం కొనాలి

మూడు దారులున్నాయి: బయటి జాయింట్ ఒక్కటే, షాఫ్ట్ మొత్తం కొత్తది, లేదా పాత షాఫ్ట్. షాఫ్ట్ బాగుండి లోపలి జాయింట్ గట్టిగా ఉంటే బయటి జాయింట్ కిట్ ఒక్కటే నాకు న్యాయంగా తోస్తుంది, అందులో బూటు, క్లిప్పులు, గ్రీసు పొట్లం, సర్క్లిప్ (జాయింట్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే తీగ రింగు), కొత్త హబ్ నట్ చాలావరకు వస్తాయి. పాత షాఫ్ట్ తీసుకోవడం అంటే ఇంకొకరి గవ్వలు మనం కొనుక్కోవడం. కొనేటప్పుడు కారు మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఏ పక్క అన్నవి చెప్పండి, ఎడమ కుడి షాఫ్టుల పొడవులు సాధారణంగా ఒకటి కావు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న కొన్ని కార్లలో జాయింట్ గిన్నె చుట్టూ పళ్ల రింగు ఉంటుంది, అది లేని జాయింటో, పళ్ల లెక్క తేడాగా ఉన్న జాయింటో తెచ్చి వేస్తే టక్ టక్ పోయి డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది. ఇక్కడ దొరక్కపోతే విజయనగరం నుంచో విశాఖ నుంచో బస్సు పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు, కానీ పాతది ఊడదీసి ఫొటో పంపి, షాఫ్ట్ చివర ఉండే స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టి చెప్పాకే తెప్పించుకోండి. ఒకసారి వచ్చిన పార్సిల్ వెనక్కి పంపాలంటే ఉండే చిరాకు మీకు తెలియంది కాదు.

పని మొదలుపెడదాం

ఇంతకు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చుకున్న చెయ్యి అయితే ఒక ఆదివారం పట్టే పని. స్పానర్ పట్టడమే మొదటిసారైతే దీంతో మొదలుపెట్టకండి, పక్కన నిలబడి చేయించుకోండి.

కారు నేల మీద ఉండగానే హబ్ నట్ వదులు చేయాలి. వీల్ కప్పు తీస్తే మధ్యలో కనిపించే పెద్ద నట్ అది, చాలా చిన్న కార్లకి 30 లేదా 32 సైజు సాకెట్ పడుతుంది, ముందు కొలుచుకోండి. నట్ అంచుని షాఫ్ట్ గాడిలోకి నొక్కి ఉంటారు, సన్నటి ఉలితో దాన్ని పైకి లేపకుండా తిప్పితే మరలు పోతాయి. ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి, మీరు సాకెట్ హ్యాండిల్‌కి పొడుగు పైపు తొడిగి లాగాలి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి టీ తాగి రండి.

వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కారుని స్టాండు మీద దించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు. స్టాండు పెట్టినా, తీసిన చక్రాన్ని కూడా ఛాసిస్ కింద పడుకోబెట్టడం నా అలవాటు, స్టాండు జారినా కారు దాని మీద ఆగుతుంది.

ఇప్పుడు హబ్బుని, అంటే చక్రం బిగించే మధ్య భాగాన్ని, బయటికి లాగడానికి వీలు కావాలి. టై రాడ్ ఎండ్ విప్పి, కింద బాల్ జాయింట్ బోల్టు తీస్తే చాలా కార్లలో సరిపోతుంది. కొందరు షాకబ్జర్ కింది రెండు బోల్టులు తీస్తారు, అలా చేస్తే విప్పే ముందు బోల్టు తల చుట్టూ పెయింటుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే అలైన్‌మెంట్ మారిపోతుంది. హబ్ నట్‌ని పూర్తిగా తీయకుండా మరల చివర ఉంచి, దాని మీద చెక్క ముక్క ఆనించి సుత్తితో తట్టండి. వట్టి మరల మీద సుత్తి పడితే కొత్త నట్ ఎక్కదు. షాఫ్ట్ వదిలాక నట్ తీసి, హబ్బుని మీ వైపు లాగి షాఫ్ట్ చివరని హబ్బులోంచి బయటికి జార్చండి. ఈ లాగుడులో బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ బిగుసుకోకుండా చూడాలి, షాఫ్టుని కూడా గాల్లో వేలాడనివ్వకండి.

బయటి జాయింట్ ఒక్కటే మారుస్తుంటే గేరుబాక్సు వైపు కదపక్కర్లేదు, షాఫ్ట్ అక్కడే ఉంచి పని చేయొచ్చు. మొత్తం షాఫ్ట్ తీస్తేనే గేరు ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం పెట్టి, ఆయిల్ సీలు గీరుకోకుండా మెల్లగా తీసి, తర్వాత పోయిన మేరకు ఆయిల్ నింపాలి.

పాత క్లిప్పులు కోసి బూటు వెనక్కి నెట్టి గ్రీసు తుడవండి. గోళీలు తిరిగే మధ్య ముక్క మీద ఇత్తడి కడ్డీ ఆనించి ఒక గట్టి దెబ్బ వేస్తే, లోపలి సర్క్లిప్ వదిలి జాయింట్ ఊడొస్తుంది. కొన్నిటికి సర్క్లిప్‌ని ప్లయర్‌తో విడదీయాలి, కాబట్టి కొట్టే ముందు తుడిచి చూడండి.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందు చిన్న క్లిప్పు, తర్వాత బూటు, తర్వాత పెద్ద క్లిప్పు షాఫ్టుకి ఎక్కించి, ఆ తర్వాతే జాయింట్ కొట్టాలి. జాయింట్ టక్కున కూర్చుందని సంబరపడి పక్కకి చూస్తే బూటు బల్ల మీద నవ్వుతూ ఉంటుంది. నాకు జరిగింది. మళ్లీ జాయింట్ ఊడదీయడానికి అరగంట, తిట్లకి పది నిమిషాలు.

గ్రీసు కిట్‌లో వచ్చిన నల్లటి మాలిబ్డినం గ్రీసే వాడండి, చక్రాల బేరింగులకి పెట్టే పసుపు గ్రీసు ఇక్కడ పనికిరాదు. పొట్లంలో సగం గోళీల మధ్యకి దూరేలా వేలితో కూరి, మిగతాది బూటులో వేయండి. పెద్ద క్లిప్పు బిగించే ముందు బూటు అంచు కొంచెం ఎత్తి లోపలి గాలి వదలండి, లేకపోతే మడతలు ఉబ్బిపోయి తొందరగా చిరుగుతాయి. క్లిప్పుల బదులు ప్లాస్టిక్ టై కట్టే వాళ్లున్నారు, అది తాత్కాలికానికే.

విప్పిన వరసకి తిరగేసి బిగించండి. టై రాడ్ నట్ ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ మర్చిపోవద్దు. హబ్ నట్ కొత్తది వేయాలి, పాతదాన్ని మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు. దాని బిగువు చిన్న కార్లకి కూడా 200 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మీ కారు అంకె సర్వీస్ మాన్యువల్లో చూసి టార్క్ రెంచితో బిగించండి. వీల్ బేరింగ్‌ని పట్టి ఉంచేది ఆ నట్టే కాబట్టి ఇక్కడ చేతి అంచనా పనికిరాదు, రెంచి లేకపోతే ఏదైనా షెడ్డులో అడిగి తెచ్చుకోండి. ఆ చివరి బిగింపు చక్రం నేల మీద పెట్టాకే. బిగించాక నట్ అంచుని మళ్లీ గాడిలోకి కొట్టాలి. ఇంకొకటి, షాఫ్ట్ హబ్బులో లేకుండా కారుని దొర్లించొద్దు, బేరింగ్ విడిపోతుంది.

తర్వాత మళ్లీ అదే మైదానానికి వెళ్లి అదే గుండ్రాలు కొట్టండి, రెండు పక్కలా, రివర్సులో కూడా. ఒక పక్క శబ్దం పోయాక రెండో పక్క చిన్న శబ్దం వినబడొచ్చు, అది కొత్తగా వచ్చింది కాదు, ఇన్నాళ్లూ పెద్దదాని చాటున ఉంది. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ బిగించి, టార్చి వేసి క్లిప్పుల దగ్గర కొత్త గ్రీసు చిమ్మిందేమో చూడండి. నేను వానలు మొదలయ్యే ముందొకసారి, దసరాకి ఒకసారి నాలుగు బూట్లూ చూస్తాను. ఆ టార్చి ఇప్పుడు డాష్‌బోర్డు అరలోనే ఉంటోంది, మా బావమరిది సాలూరులో టీకి ఆగినప్పుడల్లా అడక్కుండానే తీసి కింద దూరుతున్నాడు.